దింపుడు కల్లం దగ్గర ఆగిన రోడ్డు

రోడ్డు గుర్తుకు ఓవర్సీరు పాతించిన కొయ్య గూటాలను ఒక్కొక్కటిగా పీకి పక్క గుంతలో పారేసి, వస్తున్న రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు దొర్లించి, వాటి వెనక ఓబన్న కూర్చున్నాడు. కిందటి వారం మనం అతన్ని అక్కడే వదిలిపెట్టి వచ్చాము. మనం వచ్చేశాము గానీ అతను మాత్రం కదల్లేదు. రాత్రి తలగుడ్డ పరుచుకొని అక్కడే పడుకున్నాడు. తెల్లవారగానే లేచి మళ్ళీ ఆ రాళ్ళ వెనకే చతికిలబడ్డాడు.

ఈ పని మరొకరు చేసివుంటే బట్టీలపేటలో ఎవరూ అంత విడ్డూరపడేవాళ్ళు కారు. ఈ రోడ్డు కావాలని మూడేళ్ళుగా కాళ్ళరిగేటట్టు తిరిగినవాడే ఓబన్న. సున్నపు బట్టీలకు రాయి తోలే బండివాడికి కచేరీల్లో ఎవరు కుర్చీ వేస్తారు? అయినా వాకిళ్ళలో నిలబడ్డాడు. కసిరినా నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో పేటలో అందరికీ తెలుసు.

కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడాది ఊరు ఒక్కసారిగా ఉబ్బిపోయింది. గుడారాల్లో కచేరీలు పెట్టారు. గుమాస్తాలకు ఇండ్లు చాలక పేటలోని బండ్ల కొట్టాలు కూడా బాడుగకు పోయాయి. జనం పెరిగారు గానీ దారి పెరగలేదు. బట్టీల గోడకూ వేరుశనగ బుడ్డల గోడౌను గోడకూ నడుమనున్న ఒక్క సందే పేటకు ఊళ్ళోకి బాట. రాళ్ళబండ్లు, జట్కాలు, సైకిళ్ళు, కోడుమూరు నుంచి వచ్చే బుడ్డల బండ్లు అన్నీ ఆ సందులోనే దూరాలి. ఓబన్న పెద్ద కూతురు గిడ్డమ్మను నొప్పులతో బండిలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఎదురుగా బీరువాలు వేసుకొచ్చిన సర్కారు లారీ అడ్డం వచ్చింది. వెనక రాళ్ళబండ్లు వచ్చి చేరాయి. చక్రం చక్రం తగులుకున్నాయి. ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. ఆసుపత్రి మిద్దె కంటికి కనబడుతూనే ఉంది. గిడ్డమ్మ ఆ సందులోనే తల్లి సిద్దమ్మ ఒళ్ళో కన్నుమూసింది. కడుపులో బిడ్డ కడుపులోనే పోయింది.

ఆ సందుతో పనిలేకుండా, పేట వెనకగా, బట్టీల గుంతలు పూడ్చి ఆసుపత్రి వీధిలో కలిపే కొత్త రోడ్డు ఇన్నాళ్ళకు మంజూరైంది. దారిలో పడే గుంతలు పూడ్చారు. ఇటువైపు కంకర పరిచారు, అటువైపు కూడా పరిచారు. నడుమ ఒక్క జాగా మిగిలింది. అది పేటవాళ్ళ దింపుడు కల్లం. శ్మశానానికి పోయేటప్పుడు పాడెను అక్కడ ఒకసారి దించుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి, పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలివుంటే పలుకుతుందని. పలకకపోతే మళ్ళీ భుజాలకెత్తుకొని పోతారు.

పేట పెద్దలు కూర్చుని మాట్లాడుకొని, కల్లాన్ని శ్మశానం గోడ పక్కకు మార్చుకుందామన్నారు. బతికినోళ్ళకు దారి కావాలంటే పోయినోళ్ళు రవ్వంత పక్కకు జరిగితే ఏం పోయిందన్నారు. అందరూ ఊకొట్టారు. ఓబన్న ఊ అనలేదు, ఊహూ అనలేదు. రోడ్డు అక్కడిదాకా వచ్చాక మాత్రం ఇట్లా అడ్డం కూర్చున్నాడు.

* * *

మధ్యాహ్నం భోజనాల వేళకు ఓవర్సీరు బసవరాజు సైకిలు దిగి ఓబన్న ఇంటి ముందు నిలబడ్డాడు. వెంట పనిమేస్త్రీ పెద్ద ఈరన్న ఉన్నాడు. సిద్దమ్మ కొంగు భుజం మీదికి లాక్కొని గడపలో నిలబడింది.

"అమ్మా, నేను ఎల్లుండి హైదరాబాదు బండెక్కుతున్నాను. ఆఫీసంతా కట్టేస్తున్నారు" అన్నాడు బసవరాజు. మనిషి చెడ్డవాడు కాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. "రోలరు రేపు పొద్దున వేరే పనికి పోతుంది. ఈ సాయంత్రానికి ఆ జాగాలో కంకర పడితేనే రోడ్డు. లేకుంటే మేం పోయినాక ఈ కాగితాలు ఎవరు చూస్తారు? పోలీసులను పిలిపించమని మా పైవాళ్ళు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరొక మాట చెప్పి చూడండి."

"మేమందురమూ చెప్పి సూసినాంలేమ్మా" అన్నాడు పెద్ద ఈరన్న. "రోడ్డు కావాలని మా పానాలు తీసిందీ ఆయప్పే, వచ్చిన రోడ్డును అడ్డుకునేదీ ఆయప్పే. ఇంగ ఆయప్ప మతి యాడుండాదో మీకే తెలియాల."

"ఆడోళ్ళం ఆడికి పోగూడదు కదప్పా" అంది సిద్దమ్మ.

ఇద్దరూ సాయంత్రం దాకా చూస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

లోపల చిన్న కూతురు సుంకమ్మ గోడకానుకొని కూర్చుని ఉంది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. అల్లుడు బుడ్డల పెరుకుడు పని చూసుకొని వస్తానని కోడుమూరులోనే ఆగిపోయాడు. పక్కన మంత్రసాని ఈరక్క వక్కాకు నములుతూ సుంకమ్మ కడుపు మీద చేయి పెట్టి చూస్తోంది. చూసి చూసి, నమలడం ఆపింది.

"సిద్దమ్మా, ఇట్ల రా" అని వాకిట్లోకి పిలిచింది. గొంతు తగ్గించి, "తల కిందికి రాల్యా. బిడ్డ అడ్డం తిరిగుండాది. నా చేతుల్లో పని కాదు. నొప్పులు మొదలైన వెంటనే ఆసుపత్రిలో పడాల. ఆలస్యమైతే నన్ను అనొద్దు" అంది.

సందు వైపు నుంచి లారీ హారను మోతలు వినబడుతున్నాయి. నాలుగు రోజులుగా ఇదే మోత. అప్పుడు తెచ్చిన బీరువాలనే ఇప్పుడు హైదరాబాదుకు తిరిగి మోసుకుపోతున్నారు. రాజధాని వచ్చేటప్పుడు ఎట్లా కిటకిటలాడిందో, పోయేటప్పుడూ ఆ సందు అట్లాగే కిటకిటలాడుతోంది.

"అమ్మా, నాయన దగ్గరికి నువ్వే పో" అంది సుంకమ్మ లోపలినుంచి. "నీ మాట ఇంటాడు."

"మీ నాయన నా మాట ఎప్పుడు విన్నాడే? ఎద్దుల మాటైతే ఇంటాడు" అంది సిద్దమ్మ. అని, రెండు సంగటి ముద్దలు గిన్నెలో పెట్టి, ఊరిబిండి పచ్చడి ఒక పక్కన వేసి, గుడ్డ కట్టి బయలుదేరింది.

* * *

కంకర రోడ్డు మీద చెప్పులు లేని కాళ్ళతో నడవడం కష్టం. సిద్దమ్మకు ఆ కష్టం తెలియలేదు. ఆ కంకర గంపల్లో మోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. కూలి కోసమే మోయలేదు. ఒక్కో గంప కుమ్మరించినప్పుడల్లా, 'ఇదే మూడేండ్ల కిందట పడివుంటే' అనుకునేది. అనుకొని మళ్ళీ గంప నెత్తికెత్తుకునేది.

పనిలేక కూర్చున్న కూలీలు ఆమెను చూసి మాటలాపారు. కంకర అయిపోయినచోట సిద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. పుట్టి బుద్ధెరిగిన తరువాత పేటలో ఏ ఆడది కూడా ఈ మట్టి మీద కాలు పెట్టింది లేదు. కన్నబిడ్డను సాగనంపేటప్పుడు కూడా ఆమె వాకిట్లోనే ఆగిపోయింది. పాడె మలుపు తిరిగేదాకా చూసి, తిరిగిన తరువాత ఆ ఉత్త మలుపునే చూస్తూ నిలబడింది. ఇక్కడ ఏం జరిగిందో ఇతరులు చెప్పగా విన్నదే.

కాలు తీసి ముందుకు పెట్టింది.

"ఈడికి యాల వచ్చినావుమే?" ఓబన్న ఉలిక్కిపడి లేచాడు. "పో! ఆడోళ్ళు రాగూడదు!"

"మొగోళ్ళు వచ్చి ఏం సేసినారులే" అంది సిద్దమ్మ. బండరాయి మీద గిన్నె పెట్టి గుడ్డ విప్పింది. "సంగటి తిను. నిన్నట్నుంచి కడుపులో ఏమీ లేదు నీకు."

"ఆకలి లేదు."

"లేకపోతే లేకపాయె. ఎద్దులు నీకోసం మెడలు చాపి చూస్తాండాయి. సొప్ప నేనేస్తే ముట్టడంల్యా. వాటి మొగం చూసన్నా ఇంటికి రా."

అతను తల తిప్పుకున్నాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, రెండు దినాల్లో పదేళ్ళ ముసలితనం మీదపడినవాడిలా ఉన్నాడు. సిద్దమ్మ జాలిపడబోయింది. కానీ వాకిట్లో ఈరక్క అన్న మాట గుర్తుకొచ్చింది. జాలి కాస్తా కోపంగా తిరిగింది.

"ఎవరికోసమయ్యా ఈ రోడ్డు అడిగినావు? నా బిడ్డ సచ్చినట్ల ఇంగో తల్లిబిడ్డ సావగూడదని కదా? సుంకమ్మకు బిడ్డ అడ్డం తిరిగుండాదంట. ఇప్పుడే ఈరక్క చెప్పింది. లోపల బిడ్డ అడ్డం, సందులో లారీలు అడ్డం, ఈడేమో నువ్వు అడ్డం. దాన్ని కూడా నా ఒళ్ళోనే పండుకోబెట్టుకోమంటావా? చెప్పు, ఒడి పరుస్తా."

ఓబన్న మొహం పాలిపోయింది.

"నేను బుడ్డిని పిలవల్యా."

సిద్దమ్మకు అర్థం కాలేదు. "ఏంది?"

"ఈడ. ఆ దినం. బుడ్డిని నేను పిలవల్యా."

"పిలిచినావంట కదా? మీ అన్న చెప్పినాడు. అందురూ చెప్పినారు. గొంతు పగిలేటట్టు మూడుసార్లు పిలిచినావని."

"పిలిచినా." ఓబన్న నేలకేసి చూస్తూ అన్నాడు. "గిడ్డమ్మా అని పిలిచినా."

సిద్దమ్మ చేతిలోని గుడ్డ జారి కిందపడింది.

గిడ్డమ్మ అనేది ఓబన్న తల్లి పేరు. పెద్ద కూతురు పుట్టగానే ఆ పేరు పెట్టుకున్నారు. పెట్టుకున్నారే గానీ ఇంట్లో ఎవరూ పిలిచింది లేదు. అత్త పేరును కోడలు నోట పలకదు. కన్నతల్లి పేరు పెట్టి బిడ్డను కసరడానికి కొడుక్కి నోరు రాదు. అందుకని బుడ్డి అన్నారు. తండ్రికి బుడ్డి, తల్లికి బుడ్డి, చెల్లెలికి బుడ్డక్క. పేటలో ఎవర్నడిగినా బుడ్డే. నామకరణం నాడు చెవిలో ఊదిన ఆ పేరు మళ్ళీ పెండ్లిలో అయ్యవారి నోట వచ్చింది. అప్పుడు కూడా బుడ్డి, ఎవరినో పిలుస్తున్నారనుకొని పక్కకు చూసింది. ఆ సంగతి చెప్పుకొని ఆ యేడంతా ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

"పాడె దించినారు" అన్నాడు ఓబన్న. "పేరుపెట్టి పిలువప్పా అన్యారు. పేరంటే ఏమి? పెట్టిన పేరే కదా. అంతమంది పెద్దోళ్ళు నిలబడుండారు. ముద్దుపేరు ఎట్ల నోటికొస్తాది? వంగి చెవిలో పిలిచినా. పిలిస్తానే నాకు మాయమ్మ మొగం కనపడింది. మళ్ళీ పిలిచినా, మళ్ళీ మాయమ్మే. మూడుసార్లూ మాయమ్మనే పిలిచినా. అంతలోనే ఎత్తుకున్యారు. భుజాలు మార్చుకున్యారు. ఆగండప్పా అందామంటే గొంతు పెగల్లేదు." అతను అరచేత్తో ఆ మట్టిని తడిమాడు. "నా బిడ్డకు ఆ పేరు తెలీదు, సిద్దమ్మా. నాయన ఎవర్నో పిలుచుకుంటాండాడులే అని పండుకున్యాది. బుడ్డీ అనుంటే? వీధి మొదట్లో బండి మీదనుంచి ఒక్క కేక పెడితే చెంబుతో నీళ్ళు తీసుకొని ఎదురొచ్చేది కదా. ఈడ బుడ్డీ అని పిలిచుంటే ఎట్ల పలకకపోతాది?"

మూడేళ్ళుగా రాయి తోలి తిరిగి వచ్చేటప్పుడు ఓబన్న బండి దినమూ ఇక్కడ ఆగేది. తోలేవాడు చెప్పకపోయినా ఎద్దులు వాటంతటవే ఆగేవి. తాగి పడివుంటాడని కొందరు, బిడ్డ మీద బెంగని కొందరు అనుకున్నారు. సిద్దమ్మ కూడా అట్లాగే అనుకుంది. దినమూ పొద్దుగూకేముందు అతను ఇక్కడ కూర్చుని బుడ్డీ అని పిలుస్తున్నాడని ఇప్పుడు తెలిసింది.

"రోడ్డు పడితే ఈడ లారీలు పోతాయి" అన్నాడతను. "ఆ మోతలో నా పిలుపు దానికెట్ల ఇనపడుతాది? అది పలికినా నాకెట్ల ఇనపడుతాది?"

నవ్వే మాట కాదు. తిట్టే మాట కాదు. సిద్దమ్మ ఆ మట్టిలో అతనికి ఎదురుగా కూర్చుంది. దూరంగా కూలీలు, వాళ్ళకవతల గొడుగు వేసుకొని నిలబడ్డ ఓవర్సీరు కనబడుతున్నారు. పొద్దు వాలుతోంది. బిడ్డ పోయిన దినం గురించి వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఇంతవరకూ మాట్లాడుకోలేదు. ఒకరు కదిలిస్తే రెండోవాళ్ళు కూలిపోతారని భయం.

"పలికినాదిలే" అంది సిద్దమ్మ.

"ఎవురు?"

"బుడ్డి. నువ్వు పిలిచినప్పుడే పలికినాది. ఈడ కాదు, ఆ సందులో. నువ్వు కిందికి దిగి చక్రానికి భుజమానించి లేపుతాంటివి. 'బుడ్డీ, ఐపాయె, ఇంగ వచ్చేసినాం' అని కేకేస్తివి. గుర్తుండాదా?"

"ఉండాది."

"అప్పుడు పలికినాది. 'ఆఁ నాయనా' అన్యాది. అదే దాని కడమాట. లారీవాడు హారను కొడతాండె, నీకు ఇనపడల్యా. నా ఒళ్ళో ఉన్యాది కాబట్టి నాకు ఇనపడింది."

ఓబన్న ఆమె మొహంలోకి చూశాడు. దాహమైన ఎద్దు నీళ్ళతొట్టిని చూసినట్లు చూశాడు.

"ఇన్నాళ్ళూ యాల చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా?"

"నిజంగా పలికినాదా?"

"పలికినాది."

"సుంకమ్మ కడుపు మీద ఒట్టెయ్."

బుడ్డి పలకలేదు. ఓబన్న చక్రం కింద భుజం పెట్టి ఆ కేక వేసేటప్పటికే సిద్దమ్మ ఒళ్ళో తల బరువెక్కింది. చేయి జారింది. బిడ్డ పోయిందని సిద్దమ్మకు తెలుసు. తెలిసినా చెప్పలేదు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చక్రాన్ని లేపుతున్న మనిషికి ఆ మాట ఎట్లా చెబుతుంది? ఆసుపత్రి గేటు దాకా అతను చనిపోయిన బిడ్డతో మాట్లాడుతూనే బండి తోలాడు. ఆమె వెనక కూర్చుని ఆ తలను రెండు చేతులతో పట్టుకొని వింటూనే ఉంది.

పోయిన బిడ్డ పేరిట అబద్ధమాడింది. ఇప్పుడు పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు వేయాలి. వేయకపోతే ఆ పుట్టబోయే బిడ్డకే దారి లేదు.

"సుంకమ్మ కడుపు మీద ఒట్టు" అంది సిద్దమ్మ. "బుడ్డి పలికినాది."

ఓబన్న ముఖం మోకాళ్ళలో పెట్టుకొని ఏడ్చాడు. కూతురు పోయిననాడు కూడా ఏడవని మనిషి, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాడు. తరువాత తలగుడ్డతో కళ్ళు తుడుచుకొని లేచాడు. గుంతలోకి దిగి పారేసిన గూటాలు ఏరుకొచ్చాడు. ఎక్కడెక్కడివి అక్కడ తనే నాటాడు. బండరాళ్ళను ఒక్కొక్కటే పక్కకు దొర్లించాడు. పెద్ద ఈరన్న సాయం పట్టబోతే వద్దన్నాడు.

"రాండప్పా, ఇంగ మీ కంకర పోసుకోండి" అన్నాడు. సంగటి గిన్నె ముందు కూర్చుని ఒక ముద్ద విరిచాడు.

ఆ ముద్ద నోటిదాకా పోలేదు.

"సిద్దమ్మా! ఓ సిద్దమ్మా!" కంకర మీద పడుతూ లేస్తూ ఈరక్క పరుగెత్తుకొస్తోంది. "ఉమ్మనీరు పోయినాది! లేయండి!"

* * *

బండి కట్టడం ఎంతసేపు? సుంకమ్మను ఎత్తి బండిలో పడుకోబెట్టారు. సందు మొదట్లోకి పోయి చూసొచ్చినవాళ్ళు చేతులు అడ్డంగా ఊపారు. రెండు బీరువాల లారీలు ఎదురెదురుగా నిలిచిపోయి ఉన్నాయి. ఓబన్న ఆ వైపు చూడనైనా లేదు. పగ్గాలు ఒడిసి పట్టి ఎద్దులను కొత్త రోడ్డు మీదికి మళ్ళించాడు.

రోలరు తొక్కని కంకర మీద బండి ఎగిరెగిరి పడుతోంది. సిద్దమ్మ కూతురి తలను ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది. అదే బండి. అదే ఒడి. చేతులు కూడా తెలియకుండానే అదే తీరున పట్టుకున్నాయి. అది గమనించి ఆమె చప్పున చేతులు మార్చింది. సుంకమ్మ మూలుగు మొదట గట్టిగా వినబడింది. తరువాత తగ్గింది. తరువాత బండి చప్పుడు ఒక్కటే మిగిలింది.

కూలీలు పక్కకు తప్పుకొని దారిచ్చారు. బండి కంకర దిగి మట్టి మీదికి వచ్చింది. రాగానే ఎద్దులు రెండూ ఆగిపోయాయి.

మూడేళ్ళ అలవాటు. ఓబన్న అదిలించాడు, తోక మెలిపెట్టాడు. అవి కదల్లేదు. తమ యజమాని దిగి, కూర్చుని, పిలవాలి. పిలిచి వచ్చేదాకా నిలబడటమే వాటికి తెలుసు.

ఓబన్న వెనక్కి తిరిగాడు. కూతురి మూలుగు వినబడటం లేదని అతనికి అప్పుడే తెలిసింది.

"సుంకమ్మా" అన్నాడు.

కూతురు కళ్ళు తెరవలేదు.

"సుంకమ్మా, ఆఁ అనుమ్మా." బండిలోకి వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

పలకలేదు. సిద్దమ్మ ఒళ్ళో తల బరువుగా ఉంది. ఎంత బరువైతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చూడటానికి భయమేసింది. ఆ కడుపు మీద వేసిన ఒట్టు గుర్తుకొచ్చింది. అప్పుడు ఆమెకు తాము ఎక్కడ ఆగివున్నారో, ఆ మనిషి ఏం చేస్తున్నాడో తెలిసివచ్చింది.

"పిలవద్దు!" అని కేక పెట్టింది. "ఈడ పిలవద్దయ్యా!"

ఓబన్నకు ఆ కేక వినబడలేదు. మూడోసారి పిలవడానికి నోరు తెరిచాడు.